చెల్లెలి పాట, అన్న పియానో: ఒక తండ్రి ప్రశ్నకు జవాబు

నమస్కారం అండి. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ అమ్మాయికి 18 ఏళ్లు, ఇంటర్ అయిపోయింది, వెస్టర్న్ క్లాసికల్ గాత్రంలో గ్రేడ్ 8 (డిప్లొమాకి ముందు ఆఖరి గ్రేడు పరీక్ష) పాసైంది, చిన్నప్పటి నుంచి కర్ణాటక సంగీతం కూడా నేర్చుకుంటోంది. మీ అబ్బాయికి 20, బీకాం ఆఖరి సంవత్సరం, పియానోలో గ్రేడ్ 8 దాటి డిప్లొమాకి తయారవుతున్నాడు. ఇద్దరినీ జర్మనీ పంపితే చెల్లెలు పాడుతుంది, అన్న పక్కన వాయిస్తాడు, ఒకే అద్దె ఇంట్లో ఇద్దరి చదువూ గడిచిపోతుందని మీ లెక్క. ఈ పనితో బతకగలరా, ఎక్కడ చదవాలి, కర్ణాటకం మానేయాలా అని అడిగారు. చివర్లో, "సోలో పియానిస్టుగా నిలబడకపోతే పక్కవాద్యమైనా ఉంటుంది కదా" అన్నారు.

ఆ "అయినా" దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. అందుకే ఈ జవాబు కొంచెం పొడుగవుతుంది, ఏమీ అనుకోవద్దు.

నేను గుంటూరులో చర్చి హార్మోనియం దగ్గర మొదలుపెట్టిన మనిషిని. జర్మనీ వచ్చి 24 ఏళ్లయింది. అందులో పదకొండేళ్లు ఒక మధ్యస్థాయి ఊరి ఒపెరా హౌస్‌లో (కథను పాడుతూ ఆడే సంగీత నాటకాల థియేటర్) రిపెటిటర్‌గా పనిచేశాను, అంటే గాయకులకు పాత్రలు నేర్పుతూ రిహార్సల్స్‌లో ఆర్కెస్ట్రా బదులు పియానో వాయించే ఉద్యోగం. ఇప్పుడు గాయకులతో కచేరీలు చేస్తూ, కుర్ర పియానిస్టులకు ఇదే పని నేర్పుతున్నాను. నాకు తెలిసింది పియానో బెంచీ మీద నుంచి కనిపించే ప్రపంచం. గాయకుల గురించి చెప్పేదంతా వాళ్ల పక్కన కూర్చుని చూసిందే.

ముందు సూటిగా చెప్పేస్తాను. మీ అబ్బాయికి పని దొరికే అవకాశం ఎక్కువ, పేరు వచ్చే అవకాశం తక్కువ. మీ అమ్మాయి విషయంలో 27, 28 ఏళ్లు వచ్చేదాకా ఎవరూ గట్టిగా ఏమీ చెప్పలేరు. చెప్పేవాళ్లుంటే వాళ్లకు ఫీజు కట్టకండి. స్టేజీ మీద పక్కపక్కనే కనబడతారు గానీ ఈ ఇద్దరి వృత్తులూ నడిచే తీరు వేరు, వాటి వయసుల లెక్క వేరు, డబ్బు వచ్చే దారి వేరు. మీరు రెండింటికీ కలిపి ఒకే ప్లాన్ వేస్తున్నారు, నా భయమల్లా అదే.

పక్కవాద్యం అనగానే మనకు గుర్తొచ్చేది గాయకుడికి ఎడమ చేతివైపు కూర్చున్న వయొలిన్. రాగం గాయకుడిది, దాన్ని విని, నీడలా వెంటపోయి, తన వంతు వచ్చినప్పుడు మెరవాలి. ఏం వాయించాలో ముందే రాసిపెట్టి ఉండదు. అది చాలా గొప్ప విద్య. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు విజయనగరం సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరదామని వెళ్తే అధ్యాపకుడిగా తీసుకున్నారని మనందరం విన్నదే. పక్కవాద్యమనుకున్న వయొలిన్‌ను ఆయన సోలో కచేరీకి తీసుకెళ్లారు. అయినా ఆ పద్ధతిలో మూల రచన గొంతు కోసమే ఉంటుంది.

జర్మన్ పాట అలా కాదు. షూబర్ట్, షూమన్, బ్రామ్స్ రాసిన పాటల్లో పియానో భాగం ప్రతి స్వరమూ స్వరకర్తే రాశాడు, అందులో సగం కథ ఉంటుంది. షూబర్ట్ 1815లో, 18 ఏళ్ల వయసులో, అంటే ఇప్పుడు మీ అమ్మాయి వయసులో, ఎర్ల్‌కోనిగ్ రాశాడు. జబ్బుపడ్డ కొడుకును ఒళ్లో పెట్టుకుని ఓ తండ్రి రాత్రిపూట గుర్రం మీద పరుగెత్తడం ఆ పాట. గాయకుడు కథకుడు, తండ్రి, కొడుకు, పిల్లాణ్ని పిలిచే దయ్యం, నలుగురూ తనే అయి పాడాలి. మరి గుర్రం ఎవరు? పియానిస్టు కుడిచెయ్యి. మూడేసి దెబ్బల చొప్పున ఒకే స్వరాన్ని దాని పై స్థాయితో కలిపి ఆగకుండా మూడు నాలుగు నిమిషాలు కొడుతూనే ఉండాలి. మణికట్టు పట్టేస్తే గుర్రం కుంటుతుంది, కథ ఆగిపోతుంది. దీన్ని తేలిక చేసి షూబర్టే రాసిన ఇంకో రూపం కూడా ఉంది.

షూమన్ 1840లో రాసిన డిష్టర్‌లీబె అనే పాటల మాలలో 16 పాటలు. చివరి పాటలో గొంతు ఆగిపోయాక పియానో ఒక్కటే చాలాసేపు మాట్లాడుతుంది. గాయకుడు అలా నిలబడి వినాలి, అంతే. హాల్లో జనం చూసేది అతని ముఖాన్ని, వినేది మీవాడి చేతుల్ని. రిచర్డ్ స్ట్రాస్ 1894లో పెళ్లికానుకగా భార్య పౌలీనాకు ఇచ్చిన నాలుగు పాటల్లో మోర్గెన్ ఒకటి. అందులో పియానో మొత్తం రాగాన్ని ముందే పాడేస్తుంది. గొంతు వచ్చేది "మరి రేపు..." అంటూ, అప్పటికే ఎవరితోనో మాట్లాడుతున్నట్టు, మాట మధ్యలో. ఆ ప్రవేశానికి తలుపు తీసేది పియానిస్టే. తలుపు తప్పుగా తెరిస్తే ఎంత గొప్ప సొప్రానో (హెచ్చు ఆడగొంతు) అయినా ఏమీ చెయ్యలేదు.

ఇంగ్లండ్‌లో జెరాల్డ్ మూర్ అని ఒక మహానుభావుడు ఉండేవాడు, 1899లో పుట్టి 1987లో పోయాడు. జీవితమంతా ఇతరుల పాటకు వాయించాడు. 1967 ఫిబ్రవరి 20న లండన్ రాయల్ ఫెస్టివల్ హాల్‌లో ఆయన వీడ్కోలు కచేరీ జరిగితే పాడటానికి వచ్చింది ఎవరనుకున్నారు? విక్టోరియా దె లోస్ ఆంజెలెస్, ఎలిజబెత్ ష్వార్ట్స్‌కోఫ్, డీట్రిష్ ఫిషర్-డీస్కావ్. వాళ్లలో ఏ ఒక్కరు వచ్చినా హాలు నిండే రోజులవి. ఆ రాత్రి చివర్లో ఆయన ఒక్కడే కూర్చుని షూబర్ట్ పాట ఆన్ డీ మ్యూజిక్‌ను (అంటే "సంగీతానికి") గొంతు లేకుండా, పియానో మీద ఒంటరిగా వాయించాడు. కచేరీలు మానేశాక కూడా ఫిషర్-డీస్కావ్‌తో కలిసి షూబర్ట్ పాటలు 400 పైచిలుకు రికార్డు చేశాడు. సోలో కచేరీలతో నిలబడలేక ఈ పనిలోకి వచ్చినవాడు చేసే పనేనా ఇది?

ఈ పనికి ఇప్పుడు "కొలాబరేటివ్ పియానో" అని పేరు. పాత మాట "అకంపనిస్ట్" (వెంట వాయించేవాడు) చిన్నచూపుగా ఉందని అమెరికాలో మొదలైన వాడుక ఇది. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 1947లోనే గ్వెండొలిన్ కొల్డోఫ్‌స్కీ దీనికి ప్రత్యేక డిగ్రీ ప్రారంభించారు. ఆవిడ శిష్యుడు మార్టిన్ కాట్జ్ తర్వాత మార్లిన్ హార్న్ లాంటి గాయనులకు దశాబ్దాల పాటు వాయించాడు. నా మటుకు నాకు ఏ పేరుతో పిలిచినా ఒకటే. పోస్టర్ మీద పేరు గాయకురాలి పేరంత అక్షరాల్లో వేస్తే చాలు. ఇప్పటికీ వెయ్యనివాళ్లున్నారు.

అసలు పని ఏమిటో చెప్పకుండా కెరీర్ గురించి చెప్తే మీకు బొమ్మ కట్టదు. గాయకురాలు ఊపిరి తీసుకునే చప్పుడు వినడంతో ఇది మొదలవుతుంది. ఆ ఊపిరి ఎంత త్వరగా, ఎంత లోతుగా ఉందో దాన్ని బట్టి రాబోయే వాక్యం వేగం తెలుస్తుంది. వేళ్లు అప్పుడు కదలాలి. ఆవిడ నోరు తెరిచాక కదిలితే అప్పటికే ఆలస్యం. రెండోది మాట. జర్మన్‌లో ఒక మాట మొదట్లో మూడేసి హల్లులు వస్తాయి, మన "స్త్రీ"లో వచ్చినట్టు. ఆ హల్లులన్నీ తాళం దెబ్బకు ముందే అయిపోయి, అచ్చు సరిగ్గా దెబ్బ మీద పడాలి. నేను కలపాల్సింది అచ్చుతో. అంటే ఆ భాష నాకు రావాలి. స్వరాలు చూసి వాయించేవాడికి ఎప్పుడూ వెంట్రుకవాసి తేడా వస్తుంది. దాన్ని జనం తప్పుగా గుర్తుపట్టరు గానీ, "ఏదో కుదరలేదు" అనుకుంటూ ఇంటికెళ్తారు.

మూడోది శ్రుతి మార్చడం. కర్ణాటకంలో గాయకుడి శ్రుతికి తంబూరా పెడితే అందరూ అక్కడికే వస్తారు. ఇక్కడ పియానో శ్రుతి బిగించేసి ఉంటుంది, గాయకుడి గొంతుకు తగ్గట్టు పాటనే పైకో కిందికో జరపాలి. పేరున్న పాటలన్నీ హెచ్చు, మధ్యమ, మంద్ర గొంతులకు వేరువేరుగా అచ్చయి దొరుకుతాయి. కానీ కచేరీ రోజు పొద్దున్నే గొంతు పట్టేస్తే అచ్చు పుస్తకం ఏం చేస్తుంది? నా మూడో కచేరీలో మెజో సొప్రానోకు (మధ్యమ ఆడగొంతు గాయని) జలుబు చేసింది. ఒక పాట ఒక మెట్టు దించి వాయించగలవా అని సాయంత్రం 5 గంటలకు అడిగింది. ఓ, బ్రహ్మాండంగా అన్నాను. మొదటి చరణం బాగానే వెళ్లింది. రెండో చరణంలో శ్రుతి భేదం దాటగానే నా వేళ్లు అలవాటు కొద్దీ పాత శ్రుతిలోకి పోయాయి. ఆవిడ ఒక్క క్షణం నావైపు చూడకుండానే నాతోపాటు పైకి వచ్చేసింది, ఆ జలుబుతోనే పై స్థాయి పట్టింది. లోపలికి వెళ్లాక ఒక్కమాట అనలేదు, గ్లాసుడు వేణ్ణీళ్లు తాగి కూర్చుంది. ఆ నిశ్శబ్దం నాకు ఇంకా గుర్తుంది. అప్పటినుంచి రోజూ పొద్దున ఒక పాట ఏదో ఒక వేరే శ్రుతిలో వాయించందే కాఫీ తాగను.

ఇక ఒపెరా హౌస్ పని వేరే లోకం. 80 మంది ఆర్కెస్ట్రా వాయించేదాన్ని పది వేళ్లకు కుదించి వాయించాలి, అదీ డైరెక్టర్ "మళ్లీ" అన్న ప్రతిసారీ. పొద్దున 10 నుంచి మధ్యాహ్నం దాకా ఒక రిహార్సల్, మళ్లీ సాయంత్రం 6 నుంచి రాత్రి దాకా ఇంకొకటి. మధ్యలో ఒక్కొక్క గాయకుడిని కూర్చోబెట్టి పాత్ర నేర్పడం. రాని పాత్రల వంతు నేనే పాడాలి, నా గొంతు ఎలా ఉన్నా సరే. ఈ ఉద్యోగానికి ఆడిషన్‌లో కార్మెన్ ఒపెరాలోని అయిదుగురి పాట, ఫిగారో ఒపెరా రెండో అంకం ముగింపు, స్ట్రాస్ రాసిన సలోమెలో ఒక ముక్క వాయిస్తూ పాడమంటారు. సోలో పియానోలో పతకాలు తెచ్చుకున్న పిల్లలు ఇక్కడ తెల్లముఖం వెయ్యడం నేను చాలాసార్లు చూశాను. ఈ గది నుంచే చాలామంది కండక్టర్లు బయటికొచ్చారు. లండన్ రాయల్ ఒపెరాకు 2002 నుంచి 2024 దాకా సంగీత దర్శకుడిగా ఉన్న ఆంటోనియో పప్పానో చిన్నప్పుడు తండ్రి చెప్పే పాట క్లాసుల్లో పియానో వాయించినవాడే. తర్వాత రిపెటిటర్‌గా పనిచేసి అంతవరకూ వెళ్లాడు.

మీ అబ్బాయికి పని దొరుకుతుందని నేను అంత ధైర్యంగా చెప్పడానికి కారణం ఇదే. ఒక పాట క్లాసు, ఒక కోరస్, ఒక ఆడిషన్, ఒక పోటీ, ఒక బ్యాలే బడి, ఎక్కడ చూసినా పియానో దగ్గర ఒక మనిషి కావాలి. చూడగానే వాయించగలిగి, సమయానికి వచ్చి, నోరు మంచిగా పెట్టుకునే మనిషైతే రెండో వారం కూడా పిలుస్తారు. అరవై, డెబ్బై ఏళ్లకు కూడా పిలుస్తారు.

ఇప్పుడు అమ్మాయి సంగతి. ఇది నెమ్మదిగా చదవండి.

పియానో అయిదారేళ్లకు మొదలవుతుంది, ఇరవైకల్లా చేతిలో ఎంత ఉందో తెలిసిపోతుంది. గొంతు అలా కాదు. అసలు శిక్షణ 17, 18కి మొదలై, ఆడగొంతు ఇరవైల చివర్లోనో ముప్ఫైల్లోనో తన రూపానికి వస్తుంది. బరువైన గొంతులు ఇంకా ఆలస్యం. మన దగ్గర ఎవరు పాడినా మైకు ఉంటుంది కాబట్టి ఒక సంగతి తట్టదు. ఒపెరాలో మైకు లేకుండా ఆర్కెస్ట్రాను దాటి గొంతు ఆఖరి వరుసకు వినబడాలి. అరిస్తే వినబడదు. ఆర్కెస్ట్రా శబ్దం బలమంతా 500 హెర్ట్జ్ (సెకనుకు 500 కంపనాలు) చుట్టుపక్కల ఉంటే, శిక్షణ పొందిన గొంతు 3,000 హెర్ట్జ్ దగ్గర ఒక మెరుపును పెంచుకుంటుంది. అక్కడ ఆర్కెస్ట్రా పలచగా ఉంటుంది కాబట్టి గొంతు దూసుకుపోతుంది. ఈ మెరుపు ఏళ్ల తరబడి సాధనతో గొంతు లోపలి ఆకారం అలవాటు పడితేనే వస్తుంది. తొందరపెడితే రాదు సరికదా, ఉన్న గొంతు పాడవుతుంది. మీ అమ్మాయి చేత ఒపెరా స్వరకర్త పుచ్చీని పెద్ద పాటలు ఇప్పుడే పాడించి వీడియోలు పెట్టే టీచరు ఎవరైనా ఉంటే, దయచేసి ఆపించండి.

కాథలీన్ ఫెరియర్ సంగతి మీ ఇద్దరు పిల్లలకూ చెప్పాలి. 1912లో పుట్టిన ఇంగ్లిష్ అమ్మాయి, 14 ఏళ్లకు చదువు ఆపేసి టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో చేరింది. పియానో బాగా వాయించేది, చుట్టుపక్కల ఊళ్లలో పాటలకు వాయించేది కూడా. 1937లో కార్లైల్‌లో జరిగిన పోటీల్లో పియానోతో పాటు పాటలో కూడా చేరడానికి భర్తతో ఒక షిల్లింగు పందెం వేసుకుంది, రెండింట్లోనూ గెలిచింది. అప్పటికి ఆమెకు దాదాపు పాతికేళ్లు. ఆ తర్వాతే గొంతును గట్టిగా పట్టించుకుంది. 1953లో 41 ఏళ్లకు క్యాన్సర్‌తో పోయింది. పెద్ద వేదికల మీద పాడింది పదేళ్ల పైచిలుకే. ఆలస్యంగా మొదలై తొందరగా ముగిసిన ఆ కెరీర్‌ను జనం ఇప్పటికీ వింటున్నారు. ఆమె పేరుమీద ఇచ్చే అవార్డుల్లో పియానిస్టుకు కూడా ఒక బహుమతి ఉంది.

గాయకురాలి వాయిద్యం ఆమె ఒళ్లే. పెద్ద కచేరీ పియానో దాదాపు రెండున్నర, మూడు మీటర్లు, అర టన్ను బరువు. మేము దాన్ని మోసుకెళ్లలేం, ఏ ఊరెళితే అక్కడి పియానోతోనే కాపురం. గాయకురాలు తన వాయిద్యాన్ని ఇంట్లో వదిలి రాలేదు. నిద్ర చాలకపోయినా, కడుపులో మంట వచ్చినా, నెలసరి అయినా, మనసు బాగాలేకపోయినా వాయిద్యం మీద పడుతుంది. ఫ్రీలాన్స్ గాయకులకు సాధారణంగా పాడిన రాత్రికే డబ్బు. గొంతు పోయి రద్దు చేసుకుంటే రిహార్సల్ చేసిన నాలుగు వారాలూ గాలికే. ఏజెంటు ఉంటే వచ్చినదాంట్లో 10 నుంచి 20 శాతం అతనిది. జర్మన్ ఒపెరా హౌస్‌లో నెలజీతం ఉద్యోగం దొరికితే నిశ్చింతే కదా అంటారు. ఆ సోలో కాంట్రాక్టు సీజన్ లెక్కన నడుస్తుంది. పొడిగించదలచుకోకపోతే మామూలుగా అక్టోబర్ 31లోపు ఉత్తరం ఇస్తారు. రిపెటిటర్లకూ ఇదే కాంట్రాక్టు. అక్టోబర్ ఆఖరి వారంలో మా క్యాంటీన్‌లో టెన్షన్ చూస్తే ఇంటర్ ఫలితాల రోజు గుర్తొచ్చేది. థియేటర్‌కు కొత్త పెద్ద వస్తే తన వాళ్లను తెచ్చుకుంటాడు. నాతో ఆరేళ్లు పనిచేసిన ఒక సొప్రానో ఏ తప్పూ లేకుండా అలాగే వెళ్లిపోయింది. ఇప్పుడు వేరే ఊళ్లో కోరస్‌లో ఉంది. సోలో కంటే కోరస్ ఉద్యోగం నిలకడైనది. పిల్లల్ని పెంచుకుంటూ, అప్పుడప్పుడు చిన్న సోలో పాడుతూ హాయిగా ఉంది. మనవాళ్లు కోరస్ అనగానే "గుంపులో గోవిందా" అనుకుంటారు. ఆ ఆడిషన్‌కి కూర్చుని చూడండి, తెలుస్తుంది.

ఆడిషన్లంటే, జర్మనీలో సోలో గాయకులు మామూలుగా అయిదు పాటల పట్టీ పట్టుకెళ్తారు, వేరువేరు భాషల్లో. మొదటిది మీరు ఎంచుకోవచ్చు, రెండోది వాళ్లు అడుగుతారు. చాలామందికి రెండోది అడగరు. "థాంక్యూ" అంటారు. రైలు చార్జీ, హోటల్ ఖర్చు మనదే. ఈ మాట వందసార్లు విన్నా మర్నాడు పొద్దున మళ్లీ సాధనకు కూర్చునే స్వభావం ఉందా లేదా అన్నది గొంతు కంటే ముందు చూసుకోవాలి. ఇది మీరు తండ్రిగా గమనించగలరు, ఏ టీచరూ మీకన్నా బాగా చెప్పలేరు.

పాటల కచేరీ డబ్బు గురించి అడిగారు. జనం 500 మంది పట్టే హాళ్లలో జరిగే వ్యవహారం ఇది. ఈ కళకు గుడి లాంటి లండన్ విగ్‌మోర్ హాల్‌లోనే సుమారు 550 సీట్లు. కేవలం పాటల కచేరీలతో బతికే గాయకులను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతావాళ్లంతా ఒపెరా, చర్చి సంగీతం, పాఠాలు కలుపుకుని బతుకుతారు. ఇద్దరి మధ్య పంపకం కూడా ఒకలా ఉండదు. సగం సగం పంచుకున్నవాళ్లతో చేశాను, మూడింట ఒక వంతు నాకిచ్చినవాళ్లతోనూ చేశాను. మొదటి రిహార్సల్‌కి ముందే మాట్లాడుకోవాలి. మనకు మొహమాటం జాస్తి, ఈ ఒక్క విషయంలో మాత్రం పనికిరాదు.

అన్నాచెల్లెళ్ల జోడీ సంగతికొద్దాం. జోడీలు నిజంగానే కెరీర్లు నిలబెట్టాయి. షూబర్ట్ కన్నా దాదాపు ముప్ఫై ఏళ్లు పెద్దవాడైన ఒపెరా గాయకుడు యోహాన్ మిషాయెల్ ఫోగల్ 1817లో పరిచయమై అతని పాటల్ని వియన్నా పెద్దిళ్లకు మోసుకెళ్లాడు. 1825లో ఇద్దరూ ఆస్ట్రియా ఊళ్లు తిరిగినప్పుడు, తామిద్దరం ఆ క్షణంలో ఒక్కరే అయినట్టు ఉంటుందనీ జనానికి అది కొత్తగా ఉందనీ షూబర్ట్ ఇంటికి ఉత్తరం రాశాడు. మన కాలంలో గాయకుడు క్రిస్టియాన్ గేర్‌హాహర్, పియానిస్టు గెరోల్డ్ హూబర్ ఉన్నారు. ఇద్దరూ ష్ట్రాబింగ్ అనే బవేరియా ఊరివాళ్లే, ఇద్దరూ 1969లో పుట్టారు, కుర్రతనం నుంచి కలిసి చేస్తున్నారు. గేర్‌హాహర్ మధ్యలో వైద్యం కూడా పూర్తిచేశాడు, ఇది మీ ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పడానికి పనికొస్తుంది. మన దేశం నుంచి చూస్తే ముంబైలో పుట్టి లండన్‌లో స్థిరపడిన సొప్రానో పట్రీషియా రొజారియో, ఆమె భర్త పియానిస్టు మార్క్ ట్రూప్. ఇద్దరూ కలిసి 2009 నుంచి మన దేశానికి వచ్చి మన పిల్లలకు పాట నేర్పుతున్నారు. ఆ శిక్షణ మీ అమ్మాయికి అందుతుందేమో ఆరా తీయండి, జర్మనీ టికెట్టు కంటే ముందు.

కానీ ఈ జోడీలేవీ ఇంట్లో పెద్దవాళ్లు అద్దె లెక్క వేసి కుదిర్చినవి కావు. మీ ప్లాన్‌లో నాకు కనబడే చిక్కు ఇది: మీ అబ్బాయి ఒక్క గొంతుకే వాయిస్తే ఈ పని నేర్చుకోలేడు. టెనర్ (హెచ్చు మగగొంతు) ఊపిరి వేరు, బాస్ (మంద్ర మగగొంతు) ఊపిరి వేరు, పిల్లల కోరస్ ఊపిరి వేరు. ఏడాదికి ముప్ఫై మంది గాయకులకు వాయిస్తేనే చెవి తెరుచుకుంటుంది. చెల్లెలికి కూడా అంతే, అన్న అలవాటుగా సర్దేసే తప్పులు బయటివాడు సర్దడు. పైగా ఆమె కెరీర్ ఆలస్యంగా తేలుతుంది, అతనిది తొందరగా. ఆమె కోసం అతను ఆగితే, పాతికేళ్లకు ఇద్దరి మధ్యా పాట కాకుండా ఇంకేదో మిగులుతుంది. వేరే ఊళ్లలో, వేరే గురువుల దగ్గర చదవనివ్వండి. సెలవుల్లో కలిసి చేసుకుంటారు. మాస్టర్స్ నాటికి ఇద్దరికీ అప్పటికీ ఇష్టముంటే, ఇక్కడ పాట, పియానో ఇద్దరూ జంటగా చేరే లీడ్ (పైన చెప్పిన జర్మన్ పాట) కోర్సులు కొన్ని సంగీత విశ్వవిద్యాలయాల్లో ఉన్నాయి. స్టుట్‌గార్ట్‌లో హూగో వోల్ఫ్ అకాడమీ నడిపే పోటీ కూడా జంటలకే.

ఖర్చు సంగతి. జర్మనీ ప్రభుత్వ సంగీత విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం యూరోపియన్ యూనియన్ బయటివాళ్లు 2017 నుంచి సెమిస్టర్‌కు 1,500 యూరోలు కట్టాలి. స్టుట్‌గార్ట్ ఆ రాష్ట్రంలోదే, గుర్తుపెట్టుకోండి. వీసా కోసం ఒక్కొక్కరి పేర బ్యాంకులో చూపించాల్సింది 2024 సెప్టెంబర్ నుంచి నెలకు 992 యూరోల లెక్కన ఏడాదికి 11,904. దరఖాస్తు చేసే ముందు తాజా లెక్క సరిచూసుకోండి. ప్రవేశ పరీక్ష వేదిక మీదే ఉంటుంది, గ్రేడ్ 8 సర్టిఫికెట్ చూసి సీటు ఇవ్వరు. జర్మన్ భాష చాలాచోట్ల బీ1 లేదా బీ2 (మధ్యస్థాయి మెట్లు) అడుగుతారు. అడక్కపోయినా నేర్చుకోవాలి, లేకపోతే తను పాడేదేమిటో తనకే తెలియదు. చెన్నైలో రెహమాన్ గారు 2008లో మొదలుపెట్టిన కేఎం కన్జర్వేటరీ లాంటిచోట ఒకటి రెండేళ్లు చదివి రావడం కూడా తెలివైన పనే. 18 ఏళ్ల గొంతుకు తొందరేమీ లేదు.

కర్ణాటకం మానాలా అంటే, మానొద్దు. తాళం పట్టు, చెవి, సాహిత్యం మీద ధ్యాస, ఇవన్నీ ఇక్కడివాళ్లకు లేని ఆస్తులు. అయితే కర్ణాటకంలో మనం మైకు ముందు దగ్గరగా, మంద్రంగా, గమకంతో పాడతాం. ఇక్కడ గొంతు వెనక్కి తెరిచి, తల గొంతుతో దూరానికి పంపాలి. కొత్త పద్ధతి కుదురుకునే రెండు మూడేళ్లు ఒకేరోజు రెండూ కలిపి సాధన చెయ్యొద్దని మాత్రం చెప్తాను. ఒకదాని అలసట రెండోదానికి అంటుకుంటుంది. ఇది నా అనుభవం మీద చెప్తున్న మాట, మీ గురువుగారు వేరేలా అంటే ఆయన మాటే వినండి, గొంతు దగ్గరుండి వింటున్నది ఆయన.

బీకాం పూర్తిచెయ్యమనండి. కళాకారుల్లో లెక్కలు చూసుకోగలిగేవాళ్లు తక్కువ, ట్యాక్స్ కాగితాల సీజన్‌లో మావాళ్లంతా అతని కాళ్లు పట్టుకుంటారు. సోలో డిప్లొమా పక్కన పెట్టి రోజూ అరగంట కొత్త కాగితం ఆపకుండా చదివి వాయించడం మొదలుపెట్టాలి. తప్పు స్వరం పడితే పడనీ, తాళం ఆగకూడదు. సికింద్రాబాద్ చర్చి కోరస్‌లలో ఎవరికైనా పియానో వాయించే మనిషి కావాలేమో అడిగి, డబ్బు ఇచ్చినా ఇవ్వకపోయినా ఆర్నెల్లు వెళ్లమనండి. నేను నేర్చుకున్నదంతా అలాంటిచోటే మొదలైంది. పాట పాడించేవాళ్లు పద్యం మధ్యలో రెండు వరసలు ఎగరగొట్టేస్తే ఎక్కడ దూకి కలుసుకోవాలో గుంటూరులో మా కోరస్ పెద్దాయన నేర్పినంత బాగా ఏ ప్రొఫెసరూ నేర్పలేదు. ఆయన కావాలని ఎగరగొట్టేవాడు కాదు పాపం, మర్చిపోయేవాడు.

చివరగా ఒక పని. జెరాల్డ్ మూర్ ఆఖరున ఒంటరిగా వాయించిన ఆన్ డీ మ్యూజిక్ పాటను మీ పిల్లలిద్దర్నీ తీసుకోమనండి. రెండే చరణాలు, మూడు నిమిషాలు కూడా పట్టదు, స్వరాలు సులభం. ఎడమచేతిలో గొంతుకు బదులు చెప్పే రాగం ఒకటి దాక్కుని ఉంటుంది. ముందు అబ్బాయి పియానో వాయిస్తూ మాటలు తనే పాడాలి, గొంతు ఎలా ఉన్నా. అమ్మాయి పియానో దగ్గర కూర్చుని ఒక్క ఎడమచెయ్యి వాయించాలి. ఆ తర్వాత కలిసి ఒక గంట రిహార్సల్ చెయ్యాలి. ఫోన్‌లో ఆ గంటంతా ఆడియో రికార్డు చేసి పంపండి, వీడియో అక్కర్లేదు. పాట ఒక్కటే కత్తిరించి పంపొద్దు. మధ్యలో ఆపి, "నువ్వు ఊపిరి తీసుకోకముందే వచ్చేశాను" "కాదు, నేనే ఆలస్యం" అని వాళ్లు ఏం మాట్లాడుకుంటారో, ఎలా పోట్లాడుకుంటారో అది నాకు వినాలని ఉంది. అది విన్నాక మళ్లీ రాస్తాను.